ఎవరి లాగిన్ మీద నడుస్తోంది?

మనలో చాలామంది ఈ పని ఎప్పుడో ఒకప్పుడు చేసే ఉంటారు. క్లయింటు బిజినెస్ వాళ్ళకి ట్రెల్లో ఇష్టం, డెవలపర్లకి జిరా లేనిదే పొద్దు గడవదు. "ఇక్కడ కార్డు పెడితే అక్కడ టాస్కు పడాలి, అంతే" అని కన్సల్టెంటుగారికి చెబుతారు. జాపియర్ లాంటిది తీసుకుని ఒక్క పూటలో కట్టేస్తాం. ఒక్క లైను కోడు రాయనక్కర్లేదు.

రెండేళ్ళ క్రితం న్యూజెర్సీలో ఒక క్లయింటుకి నేనూ అలాగే కట్టాను. డెవలప్‌మెంటు టీమంతా హైదరాబాదులో. ఇక్కడ సాయంత్రం పెట్టిన కార్డు, అక్కడ వాళ్ళు ఆఫీసుకి వచ్చేసరికి జిరాలో సిద్ధంగా ఉండేది.

తిప్పలు లేవని కాదు. ట్రెల్లోలో కార్డుని ఏ లిస్టులోంచి ఏ లిస్టులోకైనా లాగి పడెయ్యొచ్చు. జిరాలో వర్క్‌ఫ్లో ఒప్పుకున్న దారిలోనే స్టేటస్ మారాలి, లేకపోతే ఎర్రర్. రెండు వైపులా సింక్ పెడితే ఇంకో తమాషా. కార్డు వల్ల ఇష్యూ, ఇష్యూ వల్ల మళ్ళీ కార్డు, రక్తబీజుడి సంతానంలా పుట్టుకొస్తూనే ఉంటాయి. ఒకదాంట్లో రెండోదాని నంబరు రాసిపెట్టి, నంబరు ఉన్నవాటిని వదిలెయ్యమని ఫిల్టరు పెడితే గాని ఆగదు. 2017లో జిరా యజమాని అట్లాసియన్ ట్రెల్లోని 42.5 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ఈ బాధ తీరుతుందనుకున్నాను. ఒకే ఇంటికి వచ్చినంత మాత్రాన తోడికోడళ్ళకి పొత్తు కుదురుతుందా!

ఇవన్నీ మొదటి వారంలోనే కనపడతాయి కాబట్టి సర్దుకుంటాం. నన్ను ముంచింది వేరే. జాపియర్ జిరాలోకి వెళ్ళాలంటే ఎవరో ఒకరు లాగిన్ అయి అనుమతి ఇవ్వాలి. తొందరలో నా లాగిన్‌తోనే ఇచ్చేశాను. ఆ రోజు నుంచి ప్రతి ఇష్యూ నా పేరు మీదే పుట్టేది. "అన్నా, మీరసలు నిద్రపోతారా?" అని హైదరాబాదు కుర్రాళ్ళు నవ్వేవారు.

ఒక శుక్రవారం నా కాంట్రాక్టు ముగిసింది. సాయంత్రానికి నా అకౌంటు మూసేశారు. మూయాలి కూడా. దాంతో ఫ్లో ఆగిపోయింది. ఆగిపోయిందని చెప్పే ఈమెయిలు, మూసేసిన నా మెయిల్‌బాక్సుకే పోయింది. సోమవారం ఇక్కడ పెట్టిన కార్డులు మంగళవారం పొద్దున అక్కడికి చేరలేదు. పని కాస్త తగ్గిందనుకుని వాళ్ళు పాత బగ్గులు చూసుకున్నారు. ఇక్కడివాళ్ళేమో పని జరుగుతోందనుకున్నారు. గురువారం స్టేటస్ కాల్‌లో గాని బయటపడలేదు. మర్నాడు రిలీజు. "ఇన్ని రోజులు ఏం చేస్తున్నారు?" అని మాటలు పడింది నేను కాదు, హైదరాబాదులో టీము లీడు. ఆ రాత్రి అతను ఫోను చేసి "మీ ఫ్లో ఏమైనా ఆగిందా అన్నా?" అని మెల్లిగా అడిగితే, నాకు సిగ్గేసింది.

అందుకే చెబుతున్నాను, మనిషి పేరు లేని సర్వీసు అకౌంటు ఇచ్చేదాకా ఇలాంటి ఫ్లో ఆన్ చెయ్యకండి. ఇంకో లైసెన్సుకి డబ్బు దండగని మేనేజరు గొణుగుతాడు, గొణగనివ్వండి. ఎర్రర్ మెయిళ్ళు టీము ఉమ్మడి అడ్రసుకి వెళ్ళాలి. రోజంతా ఒక్క టాస్కూ రాకపోతే దాన్నీ ఎర్రర్‌గానే లెక్కపెట్టి కబురు పంపేలా చూడండి.

ఈ మాటే ఒక మిత్రుడితో అంటే, "మన పేరు మీద ఉంటేనే కదండీ మనల్ని తీసెయ్యడానికి వెనకాడతారు" అన్నాడు. హెచ్-1బి మీద ఉన్నవాడి భయం నాకు తెలియనిది కాదు. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. కానీ తీసేసేవాళ్ళు బడ్జెటు చూసి తీస్తారు గాని, జాపియర్‌లో ఎవరి పేరుందో చూసి కాదు. నన్ను ఎవరూ చూడలేదు.

కొత్త క్లయింటు దగ్గర మొదటి వారమే సర్వీసు అకౌంటు కోసం టికెట్టు పెట్టాను. మూడు వారాలైంది, అప్రూవల్ రాలేదు. ఫ్లో కట్టి పెట్టాను, ఆన్ చెయ్యలేదు. మేనేజరు రోజూ అడుగుతూనే ఉన్నాడు.