వాటా తేలదు, రైలు రాదు

గంగవరం మండలంలో నిలబడి చూస్తే దేశ రవాణా విధానం అంటే రోడ్డే. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాటి కృష్ణగిరికి పోయే 42వ నంబరు జాతీయ రహదారి ఉంది. 2022 మేలో శంకుస్థాపన జరిగిన బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కూడా బైరెడ్డిపల్లె, పలమనేరు వైపు నుంచే పోతోంది. రైలెక్కాలంటే మాత్రం చిత్తూరో కుప్పమో పోవాలి. లేదంటే మదనపల్లె రోడ్ స్టేషన్‌కు వెళ్లాలి; పేరు మదనపల్లెదే గానీ అదుండేది ఊరికి దూరంగా సీటీఎం అనే పల్లెలో. ఇక్కడి టమోటాకు లారీయే గతి.

ఈ తేడా కొండల వల్ల వచ్చింది కాదు, డబ్బొచ్చే దారి వల్ల వచ్చింది. రోడ్లకు పెట్రోలు, డీజిల్ మీద సెస్సు ఉంది. 2000లో చట్టం చేసి దానికో నిధే ఏర్పాటు చేశారు. పైన టోలు. 2016లో వచ్చిన హైబ్రిడ్ యాన్యుటీ (హ్యామ్) పద్ధతిలో ఖర్చులో 40 శాతం పని జరుగుతుండగానే కేంద్రం ఇస్తుంది. మిగతాది కాంట్రాక్టరు తెచ్చుకుంటే ఆ తర్వాత వాయిదాల్లో తీరుస్తుంది. టోలు వసూలు తగ్గినా ఆ నష్టం కాంట్రాక్టరుది కాదు.

కొత్త రైలు మార్గం దగ్గరికొచ్చేసరికి కేంద్రం రాష్ట్రం వైపు చెయ్యి చాస్తుంది. రాయచోటి, మదనపల్లె మీదుగా కడప–బెంగళూరు మార్గం 2008–09లో చెరిసగం ఖర్చు షరతుతో మంజూరైంది. సుమారు 255 కిలోమీటర్లలో పూర్తయింది పెండ్లిమర్రి దాకా 21 కిలోమీటర్లే. రాష్ట్రం వాటా సరిగా కట్టలేదు. పైగా ఆ దారి వద్దు, ముద్దనూరు–ముదిగుబ్బ మార్గం కావాలంది. తప్పంతా ఢిల్లీదే అనడానికి వీల్లేదు.

వాటా పద్ధతి ఎక్కడా పనిచేయదనీ కాదు. మనోహరాబాద్–కొత్తపల్లి మార్గానికి తెలంగాణ భూమి ఉచితంగా ఇచ్చింది, ఖర్చులో మూడో వంతు ఒప్పుకుంది, అయిదేళ్ల నిర్వహణ నష్టం కూడా భరిస్తానంది. 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలొచ్చింది. కానీ లెక్క చూడండి: అక్కడ మూడో వంతు, కోటిపల్లి–నర్సాపురానికి పాతిక శాతం, నడికుడి–శ్రీకాళహస్తికి సగం ఖర్చు, ఆపైన భూమి. దీన్ని విధానం అనలేం. ఏ ఏడు ఎవరు ఎంతకు ఒప్పుకున్నారో అదే రేటు. ఈ బేరంలో ఎప్పుడూ దెబ్బతినేది జనం పలుచగా, రాబడి తక్కువగా ఉండే రాయలసీమే.

వెనుకబాటును బట్టి వాటా ఎంతో ముందే రాసిపెట్టాలి. మంజూరుకు ముందే రాష్ట్రం తొలి విడత జమ చేయాలి. ప్రభుత్వం మారినా దారి మారకూడదు. రాయలసీమకు ప్రత్యేక ప్యాకేజీ మాట 2014 విభజన చట్టం 46వ సెక్షన్‌లోనే ఉంది. రాష్ట్రం కట్టాల్సిన సగాన్ని ఆ ప్యాకేజీలో కలిపి అడగవచ్చు. అయితే అడిగే ముందు మదనపల్లె దారి కావాలో వద్దో అమరావతి తేల్చి చెప్పాలి.