పోయేది పరువు కాదు, కళ్ళు

ఈసారి పచ్చళ్ళ గురించీ, పిల్లల మార్కుల గురించీ రాయడం లేదు. వెల్డింగ్ మిషన్ గురించి రాస్తున్నాను. నవ్వకండి. ఇప్పుడు ఇది కూడా సంసారం విషయమే అయిపోయింది. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే ఆరేడు వేలకే గుమ్మంలోకి వచ్చేస్తోంది. ఫోన్లో వీడియోలు చూసే ప్రతి కుర్రాడికీ, ఆఫీసుతో విసుగెత్తిన ప్రతి పెద్దమనిషికీ కారు షెడ్డులో సొంత వర్క్‌షాపు పెట్టుకోవాలని ఉంది.

మా అబ్బాయి డిప్లొమా మెకానికల్ రెండో సంవత్సరం. వాడూ అడిగాడు. వారం తిరక్కుండానే చుట్టాలందరికీ తెలిసిపోయింది. "ఏంటి వదినా, చదువుకునే పిల్లాడి చేత ఇనప్పని చేయిస్తావా?" అని మా ఆడపడుచు. "నలుగురూ చూస్తే ఏమనుకుంటారే" అని మా పెద్దమ్మ. "రేపు సంబంధాలు వచ్చినప్పుడు ఏం చెబుతారు?" అని ఇంకొకరు. ఫోన్ చేసిన వాళ్ళంతా పరువు గురించే మాట్లాడారు. కళ్ళకి ఏం పెట్టుకుంటాడని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

నాకు ఒళ్ళు మండింది అక్కడే. పనిని చిన్నచూపు చూడటం, ఆ పనిలో ఉన్న ప్రమాదాన్ని పట్టించుకోకపోవడం రెండు వేర్వేరు గుణాలు కావండీ. తక్కువ పని అనుకుంటాం కాబట్టే దానికి చదువేంటి, జాగ్రత్తలేంటి అనుకుంటాం.

మీ ఇంటి గేటు బిగించిన రోజు గుర్తు తెచ్చుకోండి. వచ్చినతను చేతిలో నల్లద్దం పట్టుకున్నాడో, అదీ లేక ముఖం పక్కకి తిప్పుకుని ఠక్కున ఒక టాకు కొట్టాడో. కాళ్ళకి హవాయి చెప్పులు. మనం ఏం చేశాం? పిల్లల్ని "అటు చూడకండి, కళ్ళు పోతాయి" అని లోపలికి లాక్కొచ్చాం. అంటే కళ్ళు పోతాయని మనకి తెలుసు. మన పిల్లల కళ్ళు గుర్తొచ్చాయి, అతని కళ్ళు గుర్తు రాలేదు. ఇప్పుడు అదే మిషన్ మన పిల్లాడి చేతికొస్తుంటే కూడా మన నోటికి అలవాటైన మాట పరువే.

విరిగిన ఇనుము గురించి, విరిగిన మనసు గురించి వేమన చెప్పిన పద్యం మనందరం చిన్నప్పుడు బట్టీ పట్టినదే. బి.ఏ.లో మేం మళ్ళీ చదువుకున్నాం. పాఠం అంతా మనసు మీదే సాగింది. ఆ ఇనుముని అతికే కమ్మరి గురించి క్లాసులో ఎవరూ ఒక్క నిమిషం ఆగలేదు. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సని మీలో ఎంతమందికి తెలుసు? ఏడాది పాటు కూర్చోబెట్టి నేర్పే విద్యని "ఇనప్పని" అని ఒక్క మాటతో తీసిపారేస్తాం. ఇంకో పక్క పది నిమిషాల వీడియో చూసి వచ్చేసిందనుకుంటాం. రెండూ ఆ విద్యని అవమానించడమే.

ఇక ఇంట్లో మగవాళ్ళ సంగతి. మా అబ్బాయీ, మా వారూ కలిసి ఒక చిట్టా రాశారు. మిషను, నాలుగంగుళాల గ్రైండరు, రాడ్లు, క్లాంపులు. హెల్మెట్ దగ్గర "తర్వాత చూద్దాం" అని ఉంది. డబ్బు లెక్కలు చూసేది నేను కాబట్టి చిట్టా నా దగ్గరికే వచ్చింది. నేను దాన్ని తలకిందులు చేశాను. ముందు హెల్మెట్, తోలు గ్లవుజులు, బూట్లు, కరెంటు పని. వాటి తర్వాత మిగిలిన దాంట్లో ఎంత మిషన్ వస్తే అంత.

"200 ఆంపియర్లది ఉండాలమ్మా" అన్నాడు వాడు. అట్ట మీద 200 అని రాసుంటే ఏం లాభం? ఆ 200 ఇవ్వాలంటే మిషన్ లాగే కరెంటుని మన ఇంటి 16 ఆంపియర్ల ప్లగ్గు మోయలేదు. కొత్తవాళ్ళు వాడే 2.5 ఎం.ఎం. రాడ్డుకి 70 నుంచి 90 ఆంపియర్లు చాలు. ఆ మాత్రానికే ఆ ప్లగ్గు ఇంచుమించు నిండిపోతుంది. ఏసీకో గీజరుకో వేసిన లైన్లో దీన్ని గుచ్చితే వైరు వేడెక్కి గోడలో కాలుతుంది. మీటరు దగ్గర్నుంచి విడిగా 4 చదరపు ఎం.ఎం. రాగి వైరు, దానికో ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు. ఇవి లేకుండా మిషన్ కొనడమంటే పొయ్యి కొని గ్యాసు ట్యూబు మర్చిపోవడమే.

కళ్ళ సంగతికొస్తే, ఆ వెలుగులో ఉండే అల్ట్రావయొలెట్ కిరణాలు కంటి పైపొరని కాల్చేస్తాయి. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటలు గడిచాక, ఏ అర్ధరాత్రో, కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. అప్పుడు బంగాళదుంప ముక్కలు పెట్టుకుని పడుకోవడం కాదు, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఎండకి పెట్టుకునే నల్లకళ్ళద్దాలు దీనికి పనికిరావు. ఇంట్లో చేసే ఈ రాడ్డు పనికి 10వ నంబరు షేడ్ కావాలి. ఇంకో మాట. ఆ వెలుగు తెల్లగోడ మీద పడి తిరిగి పక్కవాళ్ళ పిల్లల కళ్ళల్లో కూడా పడుతుంది. షెడ్డుకి రేకు అడ్డం కట్టాల్సిందే.

పొగ విషయం ఇంకా దారుణం. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగని మనుషులకి క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి వర్గంలో పెట్టింది. పొగాకు ఉన్నదీ ఆ వర్గంలోనే. జీఐ పైపు మీద వెల్డింగ్ చేస్తే పైపూత జింకు పొగ పీల్చి ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది. తలుపులు మూసిన షెడ్డులో ఈ పని చేస్తానంటే నేను ఒప్పుకోను.

ఇదంతా గృహిణికెందుకు అంటారా? నాకు కాక ఇంకెవరికి? ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో నాకు తెలుసు. మా మామగారికి పేస్‌మేకర్ ఉంది. మిషన్ నడుస్తున్నంతసేపూ ఆయన ఆ దరిదాపులకి రాకూడదు. దూరం ఎంతో ఆయన గుండె డాక్టర్ని అడిగి, ఆ గీత నేనే గీశాను. గ్యాసు సిలిండరు ఎక్కడుందో, ఇన్వర్టరు బ్యాటరీ ఎక్కడుందో, బట్టలు ఏ తీగ మీద ఆరతాయో తెలిసిందీ నాకే. పాలిస్టర్ బట్ట నిప్పురవ్వకి కరిగి ఒంటికి అతుక్కుంటుందని వంటింట్లో నిలబడే ఏ ఆడదానికి తెలియదు? మందపాటి నూలు చొక్కా వేసుకోమని వాడికి చెప్పింది వీడియో కాదు, నేను.

"ఇంత భయమైతే మానేయొచ్చుగా, వీధి చివర షాపులో చేయించుకుంటే పోలా?" అనేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. 14.2 కిలోల గ్యాసు సిలిండరు పక్కన మనం రోజుకి మూడు పూటలు నిప్పు వెలిగిస్తున్నాం. ప్రమాదమని వంట మానేశామా? రెగ్యులేటరు ఎప్పుడు కట్టాలో, వాసనొస్తే ఏం చేయాలో నేర్చుకున్నాం. పని నేర్చుకోవడమంటే దాని ప్రమాదాన్ని కూడా నేర్చుకోవడమే. వీధి చివర షాపులో చేయిస్తే ప్రమాదం పోదు, మనకి కనబడని మనిషి కళ్ళ మీదకి వెళుతుంది, అంతే.

"షాపుల వాళ్ళు ఏమీ లేకుండానే ముప్పై ఏళ్ళుగా చేస్తున్నారు కదా" అనే మాట మాత్రం నా ముందు అనకండి. వాళ్ళ చూపు ఎలా ఉందో, రాత్రి దగ్గుతో నిద్రపడుతుందో లేదో ఎప్పుడైనా అడిగి అప్పుడు మాట్లాడండి.

అమ్మలకి నేను చెప్పేదిదే. పిల్లాడు అడిగినా, అమ్మాయి అడిగినా మిషన్ కొనివ్వండి. ఆడపిల్లకి ఎందుకనే వాళ్ళకి గ్యాసు పొయ్యి చూపించండి. చేతిలో విద్య ఉన్న పిల్లలకి పరువు తక్కువ కాదు. కానీ చిట్టా మీ చేతిలోకి తీసుకోండి. హెల్మెట్, కరెంటు లైను, గాలి వచ్చే చోటు, పక్కన ఒక ఇసక బకెట్టు కుదిరాకే మిషన్‌కి డబ్బులివ్వండి. రేపు మీ గేటుకో కిటికీ గ్రిల్లుకో ఎవరైనా పనికి వస్తే, బేరం ఆడేముందు ఆయన ముఖానికి ఏం పెట్టుకుంటాడో అడగండి. ఏమీ లేదంటే మీ పిల్లాడి హెల్మెట్ తీసి ఇవ్వండి.