ఊసరవెల్లికి పంజరము వద్దు, గట్టు చాలును



గత వానకారులో కంది చేలు చూచుటకు నేనొక గ్రామమునకు వెళ్ళితిని. అచటి రైతు ఒకరు, తమ కుమారుడు ఇనుప వల పెట్టెలో పెంచుచున్న ఊసరవెల్లిని నాకు చూపిరి. పెట్టెలో గిన్నెడు నీరు, నాలుగు చచ్చిన ఈగలు ఉన్నవి. ఆ ప్రాణి కండ్లు లోనికి పోయి, కొమ్మను పట్టలేక క్రింద పడియున్నది. “మేత వేసినా తినదండీ, నీళ్ళు పెట్టినా తాగదండీ” అని బాలుడు దిగులుపడెను. తప్పు బాలునిది కాదు, వానికి చెప్పినవారు లేరు.

ఊసరవెల్లి సాధారణముగా గిన్నెలో నీరు త్రాగదు. ఆకులపై నిలిచిన మంచు బొట్లను, వాన చినుకులను నాకును. కదలుచున్న పురుగును చూచియే నాలుక విసరును. చచ్చిన ఈగ దానికి మేత కాదు.

అమెరికా, ఐరోపా దేశములలో యెమెన్, మడగాస్కర్ జాతుల ఊసరవెల్లులను ఇండ్లలో పెంచువారు గలరు. వారి శ్రమ చూడుడు. మొదట కీచురాళ్ళను పెంచవలెను. వానికి ఆకుకూరలు, కూరగాయ ముక్కలు మేపవలెను. ఏలయన పురుగు తిన్నదే ఊసరవెల్లికి బలము. కీచురాయిలో భాస్వరము హెచ్చు, సున్నము తక్కువ. కావున మనము పాడిపశువు దాణాలో ఖనిజ మిశ్రమము కలిపినట్లు, వారు పురుగులపై కాల్షియం పొడి చల్లుదురు. ఎండకు బదులు ప్రత్యేకమైన దీపము వెలిగింతురు. ఇవి లోపించినచో ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోవును.

ఇంత ఖర్చుతో వారు సమకూర్చునది మన పొలము గట్టున ఉచితముగా ఉన్నది. తంగేడు, వావిలి, రేగు పొదలు, ఉదయపు మంచు, ఎండ, రకరకముల ఆకులు తిని పెరిగిన మిడతలు అన్నియు ఉన్నవి. అట్టిదానిని తెచ్చి పెట్టెలో ఆకలితో చంపుట ఏమి పెంపకము? పైగా మన దేశపు ఊసరవెల్లికి 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ యిచ్చుచున్నది. దానిని పట్టుట, పెంచుట, అమ్ముట నేరము.

దానికి విషమున్నదని రాళ్ళతో కొట్టువారును గలరు. అది వట్టి అపోహ. ఊసరవెల్లికి విషము లేదు. రంగు మార్చుట మోసము కాదు. ఎండ వేడిమిని బట్టి, భయమును బట్టి, ఎదుట నిలిచిన మరియొక ఊసరవెల్లిని బట్టి దాని చర్మము రంగు మారును.

ఒక్క ఊసరవెల్లి మీ పంటను కాపాడునని నేను చెప్పను. కాని అది మిడతలను, గొంగళి పురుగులను తిను ప్రాణి. అది బ్రతికిన గట్టున సాలీళ్ళు, అక్షింతల పురుగులు, పిట్టలు కూడ బ్రతుకును. గట్టుపై పొదలను నరికి నిప్పు పెట్టినచో ఇవన్నియు పోవును. ఆడ ఊసరవెల్లి నేలకు దిగి, మన్ను త్రవ్వి గ్రుడ్లు పెట్టును. అవి పొదుగుటకు నెలలు పట్టును.

కావున నా మనవి యిది. పురుగుమందును అవసరమైనపుడు పంటపైననే కొట్టుడు, గట్టుపై పొదలకు తగులనీయకుడు. గట్టు గడ్డిని కోసి పశువులకు వేయుడు, కాల్చవద్దు. గ్రామోద్యోగులు ఊసరవెల్లిని పట్టినవారిని చూచినచో నచ్చజెప్పి, అటవీ శాఖ వారికి తెలుపవలెను.

ఆ బాలుని ఊసరవెల్లిని అటవీ శాఖ వారికి తెలిపి, వారు చెప్పిన ప్రకారము పట్టిన చోటనే విడిచితిమి. అది మెల్లగా తంగేడు కొమ్మనెక్కి, ఆకుపై నిలిచిన వాన చినుకును నాకినది. బాలుడు నోరు తెరచి చూచుచుండెను. పెంచవలెనను కోరిక మంచిదే. పెంచదలచినవారు గట్టున నాలుగు పొదలు పెంచుడు. ఊసరవెల్లి తన మేతను తానే చూచుకొనును.