ఆగడం కూడా పనిలో భాగమే

మీరు ఓనమాల నుంచి మొదలుపెట్టి ఒక కొత్త పని నేర్చుకుని ఎన్నేళ్లయింది? ఫోనులో కొత్త యాప్ వాడటం గురించి కాదు నేనడిగేది. చేతులతో చేయాల్సిన పని, నలుగురూ చూస్తుండగా తప్పులు చేయించే పని, ‘ఇక నా వల్ల కాదు’ అనిపించే పని.

రెండేళ్ల కిందట నన్నెవరైనా ఈ మాట అడిగి ఉంటే, పీజీలో ఉండగా వెన్ను నుంచి నీరు తీయడం నేర్చుకున్నానని చెప్పేవాణ్ని. అంటే పద్దెనిమిదేళ్ల కిందటి మాట. ఆ తర్వాత నేను నేర్చుకున్నవన్నీ చదివి తెలుసుకున్నవే. ప్రభుత్వాసుపత్రి ఓపీలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ‘ఇలా చేయండి, అలా చేయకండి’ అని చెప్పడమే నా పని. ఎదుటి స్టూలు మీద కూర్చుని చెప్పించుకునేవాళ్లకు ఎలా ఉంటుందో నాకు గుర్తే లేదు. కిందటేడాది దసరా సెలవుల్లో ఒక ఏటి ఒడ్డున అది గుర్తొచ్చింది.

ఎల్‌టీసీ పెట్టుకుని కుటుంబంతో హిమాచల్ ప్రదేశ్ వెళ్లాం. కులూ జిల్లాలో తీర్థన్ అనే లోయ ఉంది. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ కొండల్లోంచి ఆ ఏరు దిగివస్తుంది. వానలు తగ్గాక నీళ్లు అద్దంలా ఉంటాయి. అందులో ట్రౌట్ చేపలుంటాయి. అవి మన దేశపువి కావు. బ్రిటిష్ వాళ్ల కాలంలో తెచ్చి వదిలితే, చల్లని నీళ్లు నచ్చి అక్కడే స్థిరపడ్డాయి. మత్స్యశాఖ పర్మిట్ తీసుకుని వాటిని ఫ్లై రాడ్‌తో పడతారు. చాలామంది పట్టిన చేపను మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు.

చేపలు పట్టడం నాకు కొత్త కాదనుకున్నాను. చిన్నప్పుడు మా ఊరి చెరువులో నాన్న వెదురు కర్రకు గాలం కట్టి, వానపామును గుచ్చి, బెండు మునిగేదాకా గట్టు మీద కూర్చునేవాడు. పక్కనే నేను. ఆ ధైర్యంతోనే రాడ్ చేతిలోకి తీసుకున్నాను. ఐదు నిమిషాల్లో ఆ ధైర్యం పోయింది.

ఎందుకంటే ఇది మన గాలానికి పూర్తిగా తలకిందులు. మన గాలంలో చివర సీసం గుండో, ఎరో బరువుగా ఉంటుంది. విసిరితే ఆ బరువు దారాన్ని లాక్కెళుతుంది. ఇక్కడ చివర ఉండేది ఈక ముక్కలూ దారమూ చుట్టి కట్టిన ఉత్తుత్తి ఈగ. దాన్ని విసిరితే అడుగు దూరం కూడా పోదు. అందుకే బరువంతా లైనులోనే ఉంటుంది. కొత్తవాళ్లకు ఎక్కువగా ఇచ్చే ఐదో నంబరు లైనులో మొదటి ముప్ఫై అడుగులు కలిపి సుమారు 9 గ్రాములు తూగుతాయి. తొమ్మిదడుగుల రాడ్‌తో ఆ లైనును ముందు వెనక్కి, తర్వాత ముందుకు పంపాలి. వెనక గాల్లో అది నిటారుగా విచ్చుకున్నాకే దాని బరువు రాడ్‌ను వంచుతుంది. వంగిన రాడ్ తిరిగి నిలబడేటప్పుడు లైను ముందుకు దూసుకెళుతుంది. ఈగ దాని వెంట పోయి నీటి మీద మెల్లగా వాలుతుంది.

చదవడానికి ఇంతే. మేం దిగిన ఇంటాయనే గురువు. నన్ను ఏట్లోకి దిగనివ్వలేదు. గడ్డి మీద నిలబెట్టి, కొక్కెం తీసేసి చిన్న ఊలు ముక్క కట్టాడు. ‘ఎదురుగా గోడ గడియారం ఉందనుకోండి. ముందుకు పది దగ్గర ఆపాలి, వెనక్కి ఒంటిగంట దగ్గర ఆపాలి’ అన్నాడు. మొదటి అరగంటలో లైను నా మెడకు చుట్టుకుంది, టోపీ ఎగరగొట్టింది, వెనకున్న ఆపిల్ చెట్టుకు చిక్కుకుంది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా పాప మొత్తం వీడియో తీసింది.

రానికొద్దీ బలం పెంచాను. బలం పెంచినకొద్దీ చర్నాకోలా ఝుళిపించినట్టు ‘ఫట్’మని చప్పుడు. నిజం ఈగ కట్టి ఉంటే ఆ చప్పుడుకు తెగి పోయేదట. నా తప్పు ఒక్కటే. లైను వెనక పూర్తిగా విచ్చుకోకముందే ముందుకు లాగేస్తున్నాను. ఆయన ప్రతిసారీ ఒకే మాట అన్నాడు: ‘రుకియే, డాక్టర్ సాబ్.’ ఆగండి. మూడు రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ‘ఇందాకే చెప్పాను కదా’ అనలేదు. మూడో రోజు సాయంత్రం తల వెనక్కి తిప్పి, లైను విచ్చుకోవడం కళ్లతో చూసి, అప్పుడు చెయ్యి ముందుకు కదిలించాను. చప్పుడు లేకుండా ఎదర చాపలా పరుచుకుంది. బలం సగం కూడా పెట్టలేదు. చేప పడలేదు. అసలు ఏట్లోనే దిగలేదు కదా.

ఇదంతా ఆరోగ్యం పేజీలో ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు చెబుతాను.

మూడుసార్లు మందు పెంచాను

సెలవుల నుంచి తిరిగొచ్చిన వారంలో నా ఓపీకి పాత పేషెంటు ఒకాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఏళ్ల తరబడి ఆయాసం. ఇన్‌హేలర్ వాడుతున్నాడు. అయినా నాలుగు మెట్లెక్కితే రొప్పుతున్నాడు. అప్పటికే మూడుసార్లు మందు మోతాదు పెంచింది నేనే. నాలుగోసారి రాయబోతూ ఎందుకో పెన్ను ఆపి, ‘ఎలా పీలుస్తున్నావు పెద్దాయనా, ఒకసారి చేసి చూపించు’ అన్నాను.

ఆయన ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకుని గట్టిగా నొక్కాడు. ఆ తర్వాత గాలి పీల్చాడు, వెంటనే వదిలేశాడు. మందంతా నాలుక మీదా గొంతులోనూ పడింది. ఊపిరితిత్తుల దాకా పోయింది ఎంతో ఆ దేవుడికే తెలియాలి. నేను పెంచిన మూడు మోతాదులూ అలా గొంతులోనే ఆగిపోయాయన్నమాట. ‘ఎవరైనా నేర్పారా?’ అని అడిగాను. ‘మీరే చెప్పారు కదయ్యా’ అన్నాడు, నన్ను నొప్పించకూడదన్నట్టు.

నిజమే. చెప్పాను. ముప్ఫై సెకన్లు చెప్పి ఉంటాను, బయట లైను పెరుగుతోందని తలుపు వైపు చూస్తూ. చెప్పడం వేరు, నేర్పడం వేరు. ఆ తేడా తెలియడానికి నా మెడకు ఒక లైను చుట్టుకోవాల్సి వచ్చింది.

ఇన్‌హేలర్ వాడే పద్ధతి ఇది. బాగా కుదపాలి. ముందు ఊపిరి మెల్లగా పూర్తిగా వదిలేయాలి. పెదాలతో గట్టిగా పట్టుకుని, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ అదే క్షణంలో నొక్కాలి. పీలుస్తూనే ఉండాలి. ఆ తర్వాత పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. మందు లోపల కుదురుకునేది ఆ పది అంకెల్లోనే. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం నుంచి ఒక నిమిషం ఆగాలి. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలరయితే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరనివాళ్లకు స్పేసర్ అనే గొట్టం ఉంటుంది. మీ డాక్టరును అడగండి. పొడి మందు ఉండే పరికరాల పద్ధతి వేరు, వాటిని గట్టిగా పీల్చాలి.

ఇన్సులిన్ పెన్నూ అంతే. బటన్ చివరిదాకా నొక్కి, పది లెక్కపెట్టి సూది తీయాలి. వెంటనే తీస్తే మందు కొంత బయటికి కారిపోతుంది. రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ గడ్డలు కట్టి మందు సరిగా ఒంటికి పట్టదు. ఇంట్లో బీపీ చూసుకోవడమూ అంతే. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చున్నాకే పట్టీ బిగించాలి. మెట్లెక్కి వచ్చీ రాగానే చూసుకున్న అంకె నిజం చెప్పదు.

చూడండి, ఈ మూడింటిలోనూ జనం మానేసేది ఆగడం అనే ఒక్క ముక్కే. ఆ ఆగడం మనకు పనిలా కనిపించదు, వృథాలా కనిపిస్తుంది.

మన ఇళ్లలో గురువులు

తప్పు ఆసుపత్రులదే అనుకోకండి. మీ ఇంట్లో కిందటి వారం జరిగినవి గుర్తు చేసుకోండి. ఫోన్‌పే ఎలా చేయాలో చూపించమని అమ్మ అడిగింది. మీరు నాలుగుసార్లు వేలితో తాకి ‘అంతే అమ్మా’ అన్నారు. ఆవిడకేం అర్థం కాలేదు. మర్నాడు మళ్లీ అడిగితే ‘ఎన్నిసార్లు చెప్పాలి?’ అన్నారు. మూడోసారి ఆవిడ అడగలేదు. నేర్చుకుందని కాదు, అడగడం మానేసింది. ఇదే సంగతి నాన్నగారి షుగరు మిషన్ దగ్గరా, భార్య స్కూటీ దగ్గరా, పిల్లాడి లెక్కల దగ్గరా జరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామందిని ఆపేసేది తెలివి తక్కువ కావడం కాదు, పక్కనున్నవాళ్ల నిట్టూర్పు.

దీనికి నాకు తెలిసిన మంచి మందు, మీరే ఏదో ఒకటి కొత్తగా నేర్చుకోవడం. తప్పుల్లో పడి లేచినవాడికే ఎదుటివాడి తప్పు చిన్నదిగా కనిపిస్తుంది. మెదడుకూ మేలే. 2004లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో మూడు నెలలు బంతులు ఎగరేసి పట్టడం నేర్చుకున్న పెద్దవాళ్ల మెదడులో కదలికలను గమనించే భాగాలు స్వల్పంగా పెరిగినట్టు స్కానింగుల్లో కనిపించింది. సాధన ఆపేశాక ఆ పెరుగుదల తగ్గింది. 2014లో టెక్సాస్ యూనివర్సిటీ, డాలస్ పరిశోధకులు అరవై దాటినవాళ్లకు ఫొటోగ్రఫీ, బొంతలు కుట్టడం నేర్పితే మూడు నెలల్లో జ్ఞాపకశక్తి కొంత మెరుగైంది. ఉబుసుపోక కబుర్లతో గడిపినవాళ్లలో ఆ మార్పు రాలేదు. మతిమరుపు జబ్బు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు, నేనూ ఇవ్వను. కానీ నష్టం మాత్రం లేదు.

ఫ్లై రాడ్‌నే చికిత్సకు తోడుగా వాడినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకుంటున్న స్త్రీల కోసం 1996లో ‘కాస్టింగ్ ఫర్ రికవరీ’ మొదలైంది. ఆపరేషన్ తర్వాత చేయించే భుజం వ్యాయామాల్లాగే ఈ కదలిక ఉంటుంది. గాయపడిన సైనికుల కోసం 2005లో ‘ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్’ వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో మొదలైంది. మందులకు బదులుగా కాదు, మందులతో పాటు.

ప్రయత్నించాలనుకుంటే

హిమాచల్, కశ్మీర్ వైపు వెళ్లేవాళ్లు ఒక పూట దీనికి కేటాయించండి. రాడ్ కొనక్కర్లేదు, అక్కడ అద్దెకిస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హిమాచల్‌లో ట్రౌట్ పట్టడం నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. కొన్ని జాగ్రత్తలు మాత్రం డాక్టరుగా చెప్పాలి. కళ్లద్దాలు, టోపీ లేకుండా రాడ్ ముట్టుకోవద్దు. పొరపాటున కొక్కెం కంట్లో గుచ్చుకుంటే లాగొద్దు, కన్ను నలపొద్దు. ఒత్తిడి పడకుండా పేపరు కప్పు అడ్డుపెట్టి నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వేలికి గుచ్చుకుంటే టీటీ సంగతి చూసుకోవాలి. షుగరున్నవాళ్లకు భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. ఇప్పటికే చెయ్యి పైకి లేవకపోతే ముందు దానికి చికిత్స చేయించుకోండి. రాడ్‌ను గట్టిగా బిగించి పట్టుకుంటే మోచేయి నొప్పి ఖాయం. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. గంటలకొద్దీ చేస్తే తప్పులే అలవాటవుతాయి. కరెంటు తీగల కింద, వాటి దరిదాపుల్లో డాబా మీద అసలొద్దు. ఈ రాడ్లు చాలావరకు కార్బన్‌తో చేసినవి, షాక్ కొడుతుంది.

ఫ్లై రాడే కానక్కర్లేదు. ఈత, తబలా, ఎడమ చేత్తో రాయడం, మీ ఆవిడ దగ్గర సున్నుండలు చుట్టడం, ఏదైనా సరే. రానిది అయి ఉండాలి, అంతే.

నేను ఆదివారాలు పొద్దున్నే కాలేజీ గ్రౌండులో ఊలు ముక్కతో సాధన చేస్తున్నాను. వాకింగుకొచ్చేవాళ్లు ‘ఏంటి డాక్టరుగారూ, గాలిపటమా?’ అని అడుగుతుంటారు. ఇప్పటికీ పదింటిలో నాలుగు చెడిపోతాయి. ఓపీలో మాత్రం ఒక మార్పొచ్చింది. ఇన్‌హేలర్, ఇన్సులిన్ రాసిన ప్రతి ఒక్కరినీ ‘ఒకసారి చేసి చూపించండి’ అంటున్నాను. మనిషికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతోంది. బయట లైనులో కొంచెం గొణుగుతున్నారు.

ఆ పెద్దాయన నెల తర్వాత వచ్చాడు. మందు పాత మోతాదే, పద్ధతి మాత్రమే మారింది. మెట్లెక్కి వచ్చి, కూర్చుని, రెండు మాటలు రొప్పకుండా మాట్లాడాడు. ‘పది లెక్కపెడుతున్నానయ్యా’ అన్నాడు.

ఈ వారం మీ ఇంట్లో మందు వాడే పెద్దవాళ్లెవరినైనా ఒకసారి చేసి చూపించమనండి. తప్పు చేస్తే నవ్వకండి. మళ్లీ చూపించండి. వాళ్లకు వచ్చేదాకా ఆగండి.