పాత బండి నమ్మునప్పుడు

ఇంటికి క్రొత్త బండి వచ్చిన నాడే పాత బండి వాకిటి మూలకు చేరును. నాలుగు నెలలు దుమ్ము పేరుకొనును, టైర్లలో గాలి దిగును, పిల్లి దాని సీటుపై కాపురము పెట్టును. అటుపిమ్మట ఎవరో యొకరు "దానిని అమ్మివేయరాదా?" అందురు. నేడు అమ్ముటకై అంగడికి పోనక్కఱలేదు. ఫోనుతో నాలుగు ఛాయాచిత్రములు తీసి, వెలయు ఊరును వ్రాసి ప్రకటించినచో గంట తిరుగకముందే పిలుపులు వచ్చును. బేరగానికి దస్తూరి తప్పును గనుక నాలుగు రూకలు మిగులుననుటయు నిజమే. కాని ఆ పిలుపులలో కొన్ని బండికొఱకు వచ్చునవి కావు. పాత బండి కొనువారికి జాగ్రత్తలు చెప్పువారు పలువురు కలరు. అమ్మువారికి చెప్పువారు అరుదు. కావున ఈ నెల అమ్ము పక్షమువారి సంగతి ముచ్చటింపదలచితిమి.

మా పినతల్లి కుమార్తె కాకినాడలో ఉపాధ్యాయిని. భర్త గతించి ఏడాది దాటినది. ఆయన నడిపిన స్కూటరును చూచుచు ఉండలేకయు, కుమార్తె కాలేజీ జీతము కట్టవలసియు, దానిని 38,000 రూపాయలకు ప్రకటించినది. మొదట పిలిచినవాడు బేరమే ఆడలేదు. "అక్కా! నేను మిలిటరీలో ఉన్నాను. బదిలీ మీద విశాఖపట్నం వచ్చాను. మీరు చెప్పిన ధరే ఇస్తాను. మా మనిషి వచ్చి బండి తీసుకెళతాడు, డబ్బు మాత్రం ఇప్పుడే పంపుతాను" అన్నాడట. సైనిక దుస్తులలో తీయించుకొన్న చిత్రమును, ఉద్యోగపు గుర్తింపు కార్డును గూడ పంపినాడు. బదులుగా ఈమె ఆర్.సి.యొక్కయు, తన ఆధారు కార్డుయొక్కయు చిత్రములను పంపినది. సైనికుడనగానే మన గుండెలో గౌరవము కలుగును గదా! ఆ గౌరవమే వాని పెట్టుబడి. సైనికుడు దూరమున నుండును గనుక స్వయముగా వచ్చి చూడలేదన్న శంకయు కలుగదు.

పిదప వాడు "ఖాతా సరియైనదో కాదో చూద్దాం, అక్కా" అని ఐదు రూపాయల కొక క్యూఆర్ చీటీని పంపినాడు. ఈమె దానిని ఫోనుతో చూచి, రహస్య సంఖ్యను నొక్కగా, క్షణములో పది రూపాయలు వచ్చినవి. వచ్చినవి పదియే కనబడెను గాని ముందు పోయిన ఐదు కనబడలేదు. రెండవ చీటీ 38,000 రూపాయలకు వచ్చినది. ఈమె పిన్ నొక్కబోవు సమయమునకు కుమార్తె కాలేజీనుండి వచ్చి, తెఱపై "చెల్లించు" అను మాటను చూచి ఫోను లాగుకొనినది. ఆ పిల్ల మఱి రెండు నిమిషములు ఆలస్యముగా వచ్చియున్నచో ఆ యింటి సంవత్సరపు చదువు ఖర్చు అంతయు పోయెడిది.

ఇందులో తెలిసికొనవలసినది ఒక్కటే. అది మనము ప్రతిదినము కూరగాయల అంగడిలో చూచుచున్నదే. అంగడివాడు తన చీటీని బల్లకు అంటించి ఊరక కూర్చుండును. దానిని ఫోనుతో చూచువారము మనము, అంకె వేయువారము మనము, పిన్ నొక్కువారము మనము. సొమ్ము పోవునది మన ఖాతానుండి. అంగడివాడు పుచ్చుకొనుటకై ఏ చీటీని చూడడు, ఏ సంఖ్యను నొక్కడు. యూపీఐ పిన్ అనునది సొమ్ము పంపుటకు, నిలువ చూచుకొనుటకు తప్ప పుచ్చుకొనుటకు ఎన్నడును పనికి రాదు. పూర్వము చీటీ లేకయే, "నాకింత ఈయుము" అను అభ్యర్థనను మన ఫోనుకు పంపి, దానినే రాబడిగా నమ్మించువారు. వ్యక్తుల నడుమ అట్టి అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేసిరి. చీటీల మోసము మాత్రము నిలువలేదు.

వేఱొక తెగవారు చీటీ పంపరు. "పంపితిని, చూడండి" అని చెల్లింపు జరిగినట్లు చిత్రము పంపుదురు, లేక బ్యాంకు సందేశము వలెనే కనబడు సందేశమును పంపుదురు. వెంటనే "పొరబాటున 5,000 ఎక్కువ పంపితిని, దయయుంచి తిప్పి పంపండి" అని ఆతురపడుదురు. మన ఖాతాలో చూచినచో ఎక్కువ మాట అటుండనిండు, అసలే రాలేదు. ఖాతాను మనమే తెఱచి నిలువను చూచుకొనువఱకు ఎవరు చూపిన చిత్రమును చెల్లింపు గాదు.

పది రూపాయల తోటకూరకు కట్టకొక రూపాయి తగ్గించుమని అడుగు దేశమునందు, బండిని చూడకయే చెప్పిన ధరకు ఒప్పుకొనువాడు మాకు మొదటినుండియు అనుమానాస్పదుడే. నిజముగా కొనగోరువాడు గీతలు లెక్కపెట్టును, కిక్కు కొట్టి చూచును, ఇంజను చప్పుడు బాగుగా లేదనును, మనకు కోపము తెప్పించును. ఆ కోపమును ఓర్చుకొనవలయును.

ఇంతకంటె సూక్ష్మమైన మోసమొకటి కలదు. ఇందులో ఇరువురు యోగ్యులు ఒకరినొకరు దొంగలనుకొందురు. మీరు కారును నాలుగు లక్షలకు ప్రకటించితిరనుకొనుడు. ఒకడు పిలిచి ధరకు ఒప్పుకొని, చిత్రములను పుచ్చుకొని, అదే కారును తనదిగా మూడు లక్షలకు వేఱుగా ప్రకటించును. చవుక గనుక నిజమైన కొనుగోలుదారు ఒకడు వానికి చిక్కును. వాడు అతనితో "కారు మా వదినగారి యింట ఉన్నది. పోయి చూడండి. ఆమెతో ధర మాట ఎత్తవద్దు, కుటుంబములో తగవులున్నవి" అనును. మీతో "మా బావమరిది వచ్చి చూచును. అతనికి నేను బాకీ ఉన్నాను, ధర సంగతి అతని యెదుట తేవలదు" అనును. అతడు వచ్చును, మర్యాదగా చూచును, మీరిచ్చిన కాఫీ త్రాగును, నచ్చినదని వాకిట నిలిచియే మూడు లక్షలు వాని ఖాతాకు పంపి మిమ్ము తాళములు అడుగును. మీకు పైసయు రాలేదు. అతని సొమ్ము పోయినది. ఇరువురును ఠాణాకు పోవుదురు, నడుమ మనిషి ఫోను అప్పటికి మూగబోయి యుండును.

దీనికి విరుగుడు వాడు వలదన్న ప్రశ్నయే. బండి చూడవచ్చినవానిని కూర్చుండబెట్టి, "నాయనా, మీరు ఎవరికి ఎంత చెల్లింపబోవుచున్నారు?" అని అడుగవలయును. ధర మాటలాడవద్దని ఎవడైన అన్నచో ముందు మాటలాడవలసినది అదియే. సొమ్ము ఆర్.సి.లో పేరున్నవారి ఖాతాకు, మీ కన్నుల యెదుట రావలయును గాని అన్నగారికని, స్నేహితునికని రాగూడదు.

బండిని నడిపి చూతునని తాళము అడుగువారి విషయమై ఎక్కువ చెప్పనక్కఱలేదు. ఇంటి మగవారో, పొరుగువారో వెనుక కూర్చుండకుండ బండిని ఈయగూడదు. ఒంటరిగా నున్నప్పుడు చూడవచ్చుటకు ఒప్పుకొనగూడదు. తాను ఎక్కివచ్చిన పాత బండిని హామీగా విడిచి పోవుటయు ఒక పన్నుగడయే, అది మఱియొకరి యింటినుండి ఎత్తుకొని వచ్చినది కావచ్చును. చెక్కు ఇచ్చినచో అది చెల్లి సొమ్ము ఖాతాలో పడినదాక బండి కదలగూడదు, శనివారము సాయంకాలమున చెక్కు తెచ్చువానికి సోమవారము రమ్మనుటయే మేలు. నగదు ఇచ్చినచో బ్యాంకులోనే లెక్కపెట్టించి పుచ్చుకొనుడు. కాని ఒక బేరమున రెండు లక్షలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనుట 2017 నుండి ఆదాయపు పన్ను చట్టమునకు విరుద్ధము. దాని జరిమానా ఇచ్చినవానికి గాక పుచ్చుకొన్నవారికే పడును.

సొమ్ము చేతికందినది, బండి వీధి మలుపు తిరిగినది. ఇక పని తీఱెనని మనమందఱము అనుకొందుము. అసలు చిక్కు అక్కడనే ఆరంభమగును. బండి పోయినను రిజిస్టరులో మన పేరు పోలేదు. 2018లో సుప్రీముకోర్టువారు తీర్చిన వ్యాజ్యమొకటి ఇందుకు తార్కాణము. ఒకరు తన కారును 2007లోనే అమ్మివేసిరి. అది పలు చేతులు మాఱినది, ఎవరును రిజిస్టరులో పేరు మార్పించుకొనలేదు. 2009లో ఆ కారు క్రింద పడి ఒక ప్రాణము పోయినది. మొదటి యజమాని తాను ఏనాడో అమ్మితినని మొఱపెట్టుకొన్నను, రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే చట్టము దృష్టిలో యజమాని యనియు, పరిహారపు బాధ్యత వారిదే యనియు న్యాయస్థానము తీర్పు చెప్పినది. రెండేండ్ల క్రిందట వాకిలి దాటిన కారు ఆ విధముగా మఱల ఇల్లు వెదకికొనుచు వచ్చినది.

నేడు భార్య పేరుతో బండి కొనుట వాడుకయైనది. ఆమె దానిని ఎన్నడును నడిపియుండకపోవచ్చును. అమ్మునప్పుడు మాత్రము "ఇక్కడ సంతకము పెట్టు" అని ఖాళీ ఫారములు ఆమె ముందుంచుదురు. సోదరీమణులారా, ఆ ఖాళీ సంతకము పెట్టవలదని మా ప్రార్థన. 29వ ఫారము బండి చేతులు మాఱినదని తెలుపు నోటీసు, 30వ ఫారము పేరు మార్పునకు దరఖాస్తు. రెండింటిలోను కొనువాని పేరును, చిరునామాయు, తేదీయు నింపిన పిమ్మటనే సంతకము చేయవలయును. ఖాళీగా పుచ్చుకొన్న బేరగాడు వానిని బండితో పాటు ఒకరి చేతినుండి వేఱొకరి చేతికి ఇచ్చుచు పోవును, పేరు మీదే నిలుచును.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 50వ విభాగము ప్రకారము, అదే రాష్ట్రములోని బండియైనచో అమ్మినవారు 14 దినములలోగా రవాణా అధికారికి తెలుపవలయును, కొన్నవాడు 30 దినములలోగా తెలుపవలయును. కొన్నవాడు చూచుకొనునులే యని విడువక, మన పద్నాలుగు దినముల పని మనమే చేసి రశీదు దాచుకొనవలయును. బండి పొరుగు రాష్ట్రమునకు పోవునదైనచో 28వ ఫారముపై నిరభ్యంతర పత్రము కావలయును, దానికి గడువు 45 దినములు. అప్పుపై కొన్న బండియైనచో అప్పు తీఱినదని 35వ ఫారముతో ఆర్.సి.నుండి ఋణదాత పేరును ముందుగా కొట్టివేయింపవలయును. పాత బండ్ల వర్తకునికి అమ్మువారు అతనికి రవాణాశాఖవారి అధికారపత్రము కలదేమో అడుగుడు. 2023 ఏప్రిలు 1 నుండి అట్టి నియమము కలదు. అప్పగింతను అధికారికి తెలియజేసినచో నాటినుండి ఆ వర్తకుడే యజమానిగా ఎంచబడును.

మా చెల్లెలి విషయములో చిక్కు ఇంకొకటి. ఆర్.సి. గతించిన భర్త పేరనే ఉన్నది. రెండవ మాఱు వచ్చిన బేరగాడు "ఆయన సంతకము మీరే పెట్టేయండమ్మా, ఎవరు చూస్తారు?" అన్నాడు. చనిపోయినవారి సంతకము పెట్టుట ఫోర్జరీ యగును. పైగా మరణ ధ్రువపత్రములోని తేదీయే దానిని బయటపెట్టును. యజమాని మరణించినప్పుడు 30 దినములలోగా రవాణా అధికారికి తెలిపి, మూడు నెలలలోగా 31వ ఫారముతో, మరణ ధ్రువపత్రముతో, వారసత్వ పత్రముతో బండిని వారసుల పేర మార్చుకొనవలయును. అటుపిమ్మటనే అమ్ముట. దుఃఖములో నున్న యింట ఈ గడువులు ఎవరికి గుర్తుండును? ఆమెకును గుర్తులేదు. ఆలస్యమునకు అదనపు రుసుము చెల్లించి పేరు మార్చుకొనినది.

మఱి రెండు చిన్న సంగతులు. బీమాలో క్లెయిము లేనందుకు వచ్చు తగ్గింపు, ఐదేండ్లకు 50 శాతము వఱకు పెరుగునది, బండిది కాదు, మనది. కంపెనీనుండి పత్రము వ్రాయించుకొన్నచో మూడేండ్లలోగా కొను క్రొత్త బండికి దానిని వాడుకొనవచ్చును. కారు అద్దమునకు అంటించిన ఫాస్టాగ్‌ను తీసి మూసివేయింపుడు, లేనిచో ఎవరో తిరుపతికి పోయిన టోలు మన ఖాతానుండి పోవును. అప్పగింత రశీదులో తేదీతో పాటు గంటయు వ్రాయవలయును. ఆ సాయంకాలము బండి ఎఱ్ఱదీపమును దాటినచో ఎవరి చలానాయో అప్పుడు తెలియును.

ఎవరైనను సొమ్ము పోగొట్టుకొన్నచో పరువు పోవునని దాచక, ఆ క్షణముననే 1930 సంఖ్యకు ఫోను చేయవలయును. సొమ్ము దొంగ ఖాతానుండి వేఱొక ఖాతాకు దాటకముందే తెలిపినచో బ్యాంకులు దానిని నిలుపుటకు వీలుండును. గంటలు గడచినకొలది ఆ వీలు సన్నగిల్లును.

మా చెల్లెలు మొదటివానికి పంపిన పత్రముల చిత్రములు ఊరక పోలేదు. నెల్లాళ్ల తరువాత నెల్లూరినుండి ఎవరో పిలిచి, "అమ్మా, మీ స్కూటరుకు ఐదువేలు బయానా కట్టితిని, ఎప్పుడు పంపుదురు?" అని అడిగిరి. ఆ వంచకుడు ఆమె ఆర్.సి.ని, ఆధారును చూపి తానే అమ్మువాడైనాడు. ఆమె అప్పుడు ఠాణాకు పోయి ఫిర్యాదు వ్రాసి యిచ్చి ప్రతి తెచ్చుకొనవలసి వచ్చినది. అప్పటినుండి ఆమె ముఖము చూడనివారికి పత్రము పంపుట మానినది. తప్పనిసరియైనచో చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ఆధారు ప్రతిని ఇచ్చుచున్నది.

స్కూటరును తుదకు మందుల అంగడిలో పనిచేయు ఒక యువకుడు 35,500కు కొనినాడు. రెండు మాఱులు వచ్చి చూచినాడు, వెనుక బ్రేకు బాగులేదని వేయి తగ్గించుమన్నాడు, తల్లిని గూడ తీసికొనివచ్చి చూపినాడు. బ్యాంకులో సొమ్ము పడిన పిదప ఇరువురును కలసియే రవాణా కార్యాలయమునకు పోయిరి. క్రొత్త ఆర్.సి. వచ్చిన నాడు అతడే దాని చిత్రమును పంపినాడట. ఆమె దానిని కాగితముపై అచ్చు వేయించి, భర్త పాత ఆర్.సి. ప్రతితో కలిపి బీరువాలో పెట్టినది.