తలనొప్పి మాత్ర – కాలేయ కణం

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం మొదలు అశోక్ నగర్ వరకు గల వీధులలో పోటీ పరీక్షలకు చదివే యువతీయువకులు ఎందరో గదులు అద్దెకు తీసుకొని ఉంటున్నారు. నిద్ర తక్కువ, భోజనానికి వేళ లేదు, తలనొప్పి మాత్రం తప్పదు. అడిగినంతనే దొరికే పారాసిటమాల్ మాత్ర వారికి ఉప్పు, పప్పు వంటిదైపోయింది. నారాయణగూడలో మా ఇరుగుపొరుగు ఇళ్ళలోనూ ఇదే వరుస. తలనొప్పికి ఒకటి, జలుబుకు వేరొకటి, ఒళ్ళునొప్పులకు ఇంకొకటి. పేర్లు మూడైనా మూడింటిలోని మందు ఒకటే కావచ్చునని అట్టమీది చిన్న అక్షరాలు చదివి తెలుసుకొనేవారు అరుదు.

మోతాదులో ఉన్నంతవరకు అది మంచి మందే. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు 8 మించరాదు. మద్యం అలవాటున్నవారికి, సరిగా తినక చిక్కిపోయినవారికి ఆ హద్దు ఇంకా తక్కువ.

హద్దు మీరితే ఏమగునో చూడండి. మన కణాలలో మైటోకాండ్రియా అనే సూక్ష్మ భాగాలున్నాయి. తిన్న అన్నం నుండి ఏ.టి.పి. అనే శక్తి పదార్థాన్ని అధికభాగం తయారుచేసేవి అవే. ఆ ఏ.టి.పి.ని 1929లో లోకానికి తెలిపినవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. అమెరికాకు వెళ్ళక పూర్వం మద్రాసులో ఆయుర్వేద కళాశాల విద్యార్థులకు పాఠాలు చెప్పిన ఆయన ఈ పత్రిక పాఠకులకు పరాయివారు కారు.

మైటోకాండ్రియాకు పొరలు రెండు. లోపలి పొర బిగువుగా ఉన్నంతకాలమే ఏ.టి.పి. తయారీ సాగుతుంది. పారాసిటమాల్ అధికమైనప్పుడు కాలేయంలో దానిలో కొంత విషంగా మారుతుంది. ఆ విషాన్ని విరిచే గ్లూటాథయోన్ నిల్వలు తరిగిపోగానే అది మైటోకాండ్రియాలోని మాంసకృత్తులను పట్టుకొంటుంది. లోపలి పొరలో రంధ్రాలు తెరచుకొంటాయి, నీరు చొరబడి మైటోకాండ్రియా ఉబ్బుతుంది, శక్తి అడుగంటి కణం చనిపోతుంది. పండుటాకు రాలినట్లు కణాలు క్రమపద్ధతిలో రాలిపోయే చావు వేరొకటి ఉన్నది. దానికి 1972లో అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. గర్భంలో శిశువు వేళ్ళు విడివడేది దాని వలననే. కాలేయంలో జరిగేది అట్టి మేలైన చావు కాదు.

ఇక నా అభ్యంతరం చెప్పెదను. కాలేయానికి నేల ఉసిరి రసం శ్రేష్ఠమని మన ఆరోగ్య శీర్షికలు పదే పదే వ్రాస్తాయి. ఎలుకలలో పారాసిటమాల్ విషాన్ని ఆ మూలిక కొంత అరికట్టినట్లు పరిశోధనలున్న మాట నిజమే. కాని అట్టి పరీక్షలలో తరచుగా మూలికను ముందుగా త్రాగించి, విషాన్ని తరువాత ఇస్తారు. మన ఇళ్ళలో ముందుగా రసం త్రాగి కూర్చునేవారెవరు? తలనొప్పికి శొంఠి అరగదీసి పట్టు వేయడాన్ని నేను కాదనను, ఆ మాటకు వస్తే మాత్రకన్నా ముందు అదే వేసి చూడమంటాను. రంధ్రాలు పడిన పొరకు మాత్రం పసరు పోసి కాలం గడపడాన్ని ఒప్పుకొనలేను.

కాలమే ఇక్కడ ప్రాణం. మొదటి రోజున కొద్దిపాటి వాంతులు, అరుచి తప్ప ఏమీ కనబడకపోవచ్చు. కళ్ళు పచ్చబడేది రెండు మూడు రోజులకు. ఇంటిలోనివారు నేల ఉసిరి కోసం వెతికేదీ అప్పుడే. అసలు విరుగుడైన ఎన్-అసిటైల్ సిస్టీన్ గ్లూటాథయోన్‌ను తిరిగి నింపుతుంది. 8 గంటలలోపు ఇస్తే కాలేయం దాదాపుగా దక్కుతుంది, ఆలస్యమైనా ఇవ్వవలసినదే. కాలేయ రక్షణకు మూలికలు సూచించే ప్రతి వ్యాసంలోనూ ఈ 8 గంటల మాటను పెద్ద అక్షరాలలో అచ్చువేయాలని సంపాదకులను కోరుతున్నాను.

తెలిసి మింగినా, తెలియక మింగినా హద్దు మించినదని తోచిన వెంటనే, ఒంట్లో బాగానే ఉన్నా, ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. మందలింపులు తరువాత. ఖాళీ అయిన మాత్రల అట్ట కూడా వెంట ఉండాలి. ఏ మాత్ర, ఎన్ని, ఏ వేళకు అన్నవే వైద్యుడు మొదట అడిగే ప్రశ్నలు.