చదువు బాకీ

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం స్టేషన్లలో బెంగుళూరు బండి కోసం నిలబడేవారిని ఒకసారి చూడండి. ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకున్నవారూ కనబడతారు. వారిలో కొందరు సెయింట్ జాన్స్ ఆసుపత్రికి పోతుంటారు. ఆ వైద్య కళాశాల వెనుక మన గుంటూరులో పనిచేసిన ఒక సన్యాసిని కల ఉన్నదని మనలో ఎందరికి తెలుసు?

ఆమె డాక్టర్ మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియా దేశస్థురాలు. మెల్‌బోర్న్‌లో వైద్యం చదివి, 1919లో ఎం.డి. పొంది, 1920లో గుంటూరు వచ్చి జీసస్ మేరీ జోసెఫ్ సభలో చేరారు. మగ డాక్టరుకు చూపించుకోలేక స్త్రీలు కాన్పుల్లో ప్రాణాలు విడిచే రోజులవి. సన్యాసినులు వైద్యవృత్తి చేయడానికి అప్పటి చర్చి నియమాలు ఒప్పుకునేవి కావు. పోప్ 15వ బెనెడిక్ట్ ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. ఆమె వైద్యం చేయడంతో ఆగక, ఇక్కడి యువతులకు నర్సులుగా, మంత్రసానులుగా, కాంపౌండర్లుగా శిక్షణ ఇచ్చారు. 1943లో క్యాథలిక్ హాస్పిటల్ అసోసియేషన్ స్థాపించి, ఒక వైద్య కళాశాల కావాలని తలపెట్టారు. 1957లో కన్నుమూశారు. సెయింట్ జాన్స్ 1963లో వెలసింది.

1936లో రోమ్ ఆ నిషేధాన్ని సడలించింది. మరుసటి ఏడే ఐర్లండుకు చెందిన మేరీ మార్టిన్ ఆఫ్రికాలోని నైజీరియాలో వైద్య సన్యాసినుల సభను నెలకొల్పారు. అక్కడ ఆ తలుపు తెరవక మునుపే పదహారేళ్ళుగా గుంటూరులో ఆ పని సాగుతున్నది.

మతం కోసం వచ్చారు గదా అని కొందరంటారు. నిజమే, వారు దాచుకోలేదు. అయితే నొప్పులు పడుతున్న తల్లికి అక్కరకొచ్చింది ఆమె ఎం.డి. చదువు. ఇటువంటివారిని త్యాగమూర్తులని పొగిడి, ఒక దండం పెట్టి, మనం మెల్లగా తప్పుకుంటున్నామని నా అభిప్రాయం.

డిగ్రీ చేతికి రాగానే మనమూ అదే బెంగుళూరు బండి ఎక్కుతున్నాం. తప్పనను; ఈ సీమ కరువు మన ఇళ్ళకు తెలియనిది కాదు. కాని సెయింట్ జాన్స్‌లో చదివిన డాక్టర్లు కొంతకాలం పల్లె ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నియమం ఉంది. బి.ఏ., బి.యస్సీ.లకు మాత్రం ఆ బాకీ ఎందుకుండకూడదు? సెలవుల్లో నెలరోజులు మన ఊరి బడిలో లెక్కలు చెప్పినా కొంత తీరుతుంది. విద్యార్థి సంఘం ఈ ఏడే ఒక జాబితా తెరవాలి. మొదట నా పేరు రాసుకోండి.